తేటనీటిలో కంటికానని నలుసులు



బిందెలో నీళ్లు తేటగా ఉంటే చాలు, మంచినీళ్లని నమ్ముతాం. కాని తేటనీటిలోనూ కంటికానని నలుసులు తేలుతుంటాయి. వాటిని పట్టిచ్చేది వెలుతురే.

పెంకుల సందులోంచి ఎండపొడ పడినప్పుడు అందులో దుమ్ము మెరవడం చూస్తూనే ఉంటాం గదా! పొడ పడనిచోట కూడా దుమ్ముంటుంది, కాని కనిపించదు. నీటిలోనూ అంతే. గాజుగ్లాసులో నీళ్లు పోసి, చీకటిగదిలో ఒకవైపు నుంచి టార్చిలైటు వేసి, పక్కనుంచి చూడండి. నలుసులుంటే వెలుగు వెళ్లే దారి తెల్లని చారలా కనబడుతుంది. వాటికి తగిలి వెలుగు నలువైపులా చెదరడమే కారణం. 19వ శతాబ్దంలో దీన్ని పరిశీలించిన టిండాల్ పేరుతోనే శాస్త్రజ్ఞులు దీన్ని పిలుస్తారు.

నీటి పరీక్షశాలల్లోని టర్బిడిటీ మీటరు చేసేదీ ఇదే. చెదిరిన వెలుగును 90 డిగ్రీల కోణంలో కొలిచి మడ్డి ఎంతో చెబుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగేనీటిలో అది 1 యూనిట్ దాటకూడదు; వేరే నీరు దొరకనిచోట 5 దాకా ఒప్పుకుంటారు.

మడ్డి ఎంతో తెలిసింది సరే, ఆ నలుసులేమిటి? పాచి, పురుగు, మట్టి వేరువేరుగా కనబడాలంటే మైక్రోస్కోపు కావాలి. ప్లాస్టిక్ తునకో, మట్టి రేణువో తేల్చడానికి లేజర్ వెలుగు వేస్తారు. చెదిరిన వెలుగు రంగులో వచ్చే స్వల్పమైన మార్పే ఆ పదార్థం గుర్తు చెబుతుంది. ఈ మార్పును 1928లో కనిపెట్టినవారు, చిన్ననాడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారే.

ఇదంతా మనకెందుకంటారా? వానలకు మన పరకాల వైపు చెరువుల్లో కొత్తనీరు చేరితే మట్టి కలుస్తుంది. సన్నని బంకమట్టి రోజుల తరబడి అడుక్కు దిగదు. ఆ రేణువుల చాటున రోగక్రిములు దాగితే క్లోరిన్ మందు వాటిదాకా సరిగా చేరదు. అందుకే ముందు మడ్డి తీయాలి. పటిక తిప్పితే రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుక్కు చేరతాయి. పైన తేరిన నీళ్లు వంచుకుని, వడగట్టి, బాగా మరగకాచి తాగాలి.

ఒక్కమాట మరవకండి. చార కనబడనంత మాత్రాన భయం లేదనుకోరాదు. క్రిములు కొద్దిగా ఉంటే టార్చికి దొరకవు. నీటిలో కరిగిపోయినదీ కనబడదు. నల్లగొండ పల్లెల్లో ఎందరికో ఎముకలు వంచిన ఫ్లోరైడు నీరు చూపుకు తేటగానే ఉండేది. ఫ్లోరైడు కాచినా పోదు. కనుక బోరునీళ్లు తాగేవారు పరీక్ష చేయించుకుని తీరాలి.