బంగారు బియ్యము - జొన్న గటుక

కడుపు నిండుట వేఱు, పుష్టి కలుగుట వేఱు. కరీంనగరపు మాగాణములలో పండు వరి ఆకలి తీర్చును. కాని 'ఏ' విటమినుకు మూలమైన బీటా కెరోటిన్ వరి ఆకులో ఉన్నను, పాలిష్ పట్టిన గింజలో లేదు. ఆ కొఱత తీర్ప బూని, జ్యూరిచ్‌లోని పోట్రికస్, ఫ్రైబర్గ్‌లోని బెయర్ అను శాస్త్రజ్ఞులు డాఫొడిల్ జన్యువును, ఒక సూక్ష్మజీవి జన్యువును వరిలో చేర్చి, 2000లో పసుపు వన్నె బియ్యమును లోకమునకు చూపిరి. 2005లో డాఫొడిల్‌కు బదులు మొక్కజొన్న జన్యువును వాడగా ఆ వన్నె మఱింత చిక్కనైనది. మన దేశమున దాని సాగుకు నేటికిని అనుమతి లేదు.

అట్లని పరాయి జన్యువు లేనిదే పుష్టి రాదని తలపరాదు. జింకు కొన్ని వరి వంగడములలో సహజముగనే మెండు. అందుచే రాజేంద్రనగరములోని వరి పరిశోధన సంస్థ, సంకరముచేతనే జింకు హెచ్చిన డి.ఆర్.ఆర్. ధన్ 45ను రూపొందించినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్, పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయము కలిసి 2018లో ఇనుము హెచ్చిన 'పర్భణీ శక్తి' జొన్నను వెలువరించినవి.

ఆదిలాబాదు గోండు గూడెములకు జొన్న తాతలనాటి తిండి. చౌకదుకాణపు బియ్యము వచ్చిన పిదప గటుక కుండలు తగ్గినవి.

బడిలో పిల్లలకు ఈ భేదము తెలుపుట మేలు. గింజలో లేనిదానిని చేర్పవలెనన్న జన్యువిద్య కావలెను. ఉన్నదానిని పెంపవలెనన్న సంకరము చాలును. విడిచినదానిని మరల వండుకొనుటకు ఏ ప్రయోగశాలయు అక్కఱలేదు.