సిక్లిడ్ చేపలు గుడ్లు పెట్టగానే ఎందుకు కొట్లాడతాయి?

కాన్విక్ట్ సిక్లిడ్ మధ్య అమెరికా వాగులు, సరస్సుల చేప. ఒంటి నిండా నల్లని చారలుంటాయి. చాలా చేపలు గుడ్లు పెట్టి వాటి దారిన అవి వెళ్లిపోతాయి. ఇది అలా కాదు. ఆడా మగా జతకట్టి, రాతి సందులో గుడ్లు పెట్టి, పిల్లలు ఈదడం మొదలుపెట్టాక కూడా కొన్ని వారాలు కాపలా కాస్తాయి.

ఎందుకు?
గుడ్లనూ పిల్లలనూ తినేందుకు ఇతర చేపలు పొంచి ఉంటాయి. అందుకే దగ్గరికొచ్చిన ప్రతి చేపనూ ఈ జంట తరుముతుంది. వాగులోనైతే ఓడిన చేప దూరంగా పారిపోతుంది. అక్వేరియంలో పారిపోయే చోటుండదు. దెబ్బలు తిని చచ్చిపోవచ్చు కూడా.

ఎలా ఆపాలి?
ఒక తొట్టెలో ఒక్క జంటే ఉంటే మేలు. రెండు జంటలుంటే పొడవైన తొట్టె కావాలి. రెండు చివర్లా ఒక్కో చిన్న మట్టికుండను పడుకోబెట్టి, మధ్యలో రాళ్లు పేర్చాలి. ఒక జంటకు మరొకటి కనిపించకపోతే కొట్లాట తగ్గుతుంది. అయినా తరుముతుంటే మధ్యలో జాలీ అడ్డుపెట్టాలి. కొత్త చేపను వదిలేముందు రాళ్లను మార్చి సర్దితే పాత హద్దులు చెరిగిపోతాయి.

రెక్కలు చిరిగి, మూలన నక్కిన చేప కనిపిస్తే ఆలస్యం చేయకండి. వెంటనే వేరే తొట్టెలోకి మార్చండి.