నిప్పుకీ నూనెకీ మధ్య కడ్డీ

1955 మోడల్ షెవర్లే కార్లలోకి ఒక కొత్త వీ-8 ఇంజను వచ్చింది. ఎడ్ కోల్ నాయకత్వంలో తయారైన ఆ ‘స్మాల్ బ్లాక్’ పరిమాణం 265 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 4.3 లీటర్లు. అమెరికాలో రేసుల పిచ్చివాళ్లు అప్పటి నుంచీ దాన్ని విప్పి, పదును పెట్టి, మళ్లీ బిగిస్తూనే ఉన్నారు.

అందులో ఒక పొదుపైన ఏర్పాటు ఉంది. క్యామ్‌షాఫ్ట్ వెనక చివర ఉన్న పళ్లు డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పుతాయి. అది పైన ఎనిమిది ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచుతూ, కింద ఒక సన్నని కడ్డీని తిప్పుతుంది. ఆ కడ్డీ ఆయిల్ పంపును తిప్పుతుంది. కడ్డీ విరిగితే ఇంజను ఆగిపోతే బాగుండేది. ఆగదు. పైన నిప్పురవ్వ మామూలుగానే అందుతుంది కాబట్టి నూనె లేకుండానే పరిగెత్తి, బేరింగులు మాడ్చుకుంటుంది.

పవర్ పెంచి కట్టిన ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ అడుగుదాకా దిగకుండా కాస్త పైనే ఆగిపోవడం తరచూ ఎదురయ్యే చిక్కు. చాలాసార్లు కారణం చిన్నదే. పళ్లు ఏటవాలుగా ఉంటాయి కనుక డిస్ట్రిబ్యూటర్ దిగుతూ కొంచెం తిరుగుతుంది, దాని అడుగు నాలుక కడ్డీ తలమీది గాడికి సరిపోదు. పొడవాటి స్క్రూడ్రైవర్‌తో కడ్డీని కొద్దిగా తిప్పితే ‘టక్’మని కూర్చుంటుంది.

గాడి కుదిరినా కూర్చోకపోతే అసలు కథ వేరు. ఈ ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ ఆనేది ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద. కంప్రెషన్ కోసం బ్లాకునీ హెడ్లనీ చెక్కినప్పుడు మానిఫోల్డ్ కిందికి దిగుతుంది, దానితోపాటు డిస్ట్రిబ్యూటర్ కూడా. కడ్డీకి పైకీ కిందికీ కదిలేందుకు ఉండాల్సిన మిల్లీమీటరు పైచిలుకు ఖాళీ మాయమవుతుంది. కడ్డీని ఎవరూ ముట్టుకోలేదు, తప్పు మాత్రం అక్కడ బయటపడింది! అప్పుడు క్లాంపు బిగించి బలవంతంగా కూర్చోబెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ మరమ్మతు. ఆ ఒత్తిడి నేరుగా పంపు మీద పడుతుంది, గేరు పళ్లు అరుగుతాయి, ఆ ఇనుపరజను నూనెలో కలుస్తుంది. కాలరు కిందికి జరిపి ఎత్తు సరిచేసుకునే డిస్ట్రిబ్యూటర్లు ఉన్నది ఇందుకే. ఆయిల్ పాన్ బిగించకముందే కడ్డీని వేళ్లతో పట్టుకుని ఎత్తి దించి చూస్తే ఖాళీ ఉందో లేదో తెలిసిపోతుంది.

కంపెనీ కడ్డీకి ఉండే నైలాన్ తొడుగు వేడి నూనెలో ఏళ్ల తరబడి నాని పెళుసెక్కుతుంది. రేసు ఇంజనుకు ఉక్కు తొడుగున్న కడ్డీ వేస్తారు. ఎక్కువ నూనె తోడే పెద్ద పంపు పెడితే ఈ కడ్డీమీదా, గేర్లమీదా భారం ఇంకా పెరుగుతుంది. అవసరం లేని ఇంజనులో అది పెట్టడం దండగ.

1997లో కోర్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్‌1 ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ లేదు, ఈ కడ్డీ కూడా లేదు. పంపు క్రాంక్ ముందు చివరనే నేరుగా తిరుగుతుంది. అక్కడ బిల్డర్లు ఇప్పుడు పంపు క్రాంక్‌కు సరిగ్గా నడిమధ్యన కూర్చుందా లేదా అని ఫీలర్ గేజీలు పెట్టి చూసుకుంటున్నారు.