మీకు తెలుసా? మూల తిరిగేటప్పుడు ప్లాస్మా టార్చ్ కిందికి ఎందుకు దిగిపోతుంది

కంప్యూటర్ నియంత్రణతో ఉక్కు పలకలను కోసే ప్లాస్మా యంత్రాలలో చాలావాటికి, కోత సాగుతున్నంతసేపు టార్చ్‌కూ పలకకూ మధ్య ఎడాన్ని నేరుగా కొలిచే సాధనమేదీ ఉండదు. టార్చ్‌లోని ఎలక్ట్రోడ్‌కూ పలకకూ మధ్య వెలిగే ఆర్క్, అంటే విద్యుత్ చాపం, ఎంత పొడవైతే దాని వోల్టేజి అంత పెరుగుతుంది కనుక, ఎత్తు నియంత్రకం ఆ వోల్టేజినే కొలమానంగా తీసుకొని, కొద్ది మిల్లీమీటర్లే ఉండే ఆ ఎడాన్ని కాపాడుతుంది.

చిక్కంతా మూలల దగ్గరే. దిశ మార్చుకోవడానికి యంత్రం వేగం తగ్గించినప్పుడు, ఆర్క్ ఒకే చోట ఎక్కువసేపు నిలిచి కోత గాడిని వెడల్పు చేస్తుంది. దూరమైన అంచును అందుకోవడానికి అది సాగడంతో, టార్చ్ ఎత్తు మారకపోయినా వోల్టేజి పెరుగుతుంది. టార్చ్ పైకి లేచిందని పొరబడిన నియంత్రకం దానిని కిందికి దించగా, నాజిల్ పలకకు తగిలి పాడవుతుంది. మునుపటి గాడిని దాటేటప్పుడూ ఇదే జరుగుతుంది.

అందుకే వేగం నిర్ణీత స్థాయికి దిగగానే ఎత్తు సవరణను ఆపివేసే ఏర్పాటు లినక్స్‌సీఎన్‌సీ వంటి సాఫ్ట్‌వేర్‌లలో ఉంది. అయితే మందకొడిగా వేగం పుంజుకునే బరువైన యంత్రానికి ఇది సగం మందే. ఎత్తు నిలిచినా మూల అతిగా కరుగుతుంది కనుక, బయటి మూలలను వృథా భాగంలోకి చిన్న చుట్టు తిప్పి కోయడం మేలు.

మూలలతో నిమిత్తం లేకుండా టార్చ్ రోజురోజుకూ కిందికి జారుతుంటే మాత్రం, అనుమానించవలసింది ఎలక్ట్రోడ్ కొనలోని హాఫ్నియం అనే లోహపు ముక్కను. అది అరిగి గుంట పడేకొద్దీ, అదే ఎత్తుకు వోల్టేజి పెరుగుతుంది.