మహావాక్య పరిష్కారము

వ్రాఁతప్రతిని దిద్దుట యనఁగా అక్షరస్ఖాలిత్యములను, విభక్తిదోషములను దొలఁగించుటయే యని పలువురు తలంతురు. అది శబ్దసంస్కారము. నవలకు దానికంటె ముందు జరుగవలసిన సంస్కారము వేఱొకటి గలదు. కథ యెచ్చట నారంభింపవలెను, ఏ విషయ మెప్పుడు తెలియవలెను, పాత్రముల నడతకుఁ దగిన కారణము గలదా యను విచారమే యది. ఆంగ్లభాషా ప్రచురణకర్తలు దీనిని డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ అందురు. తెలుఁగున వికాసపరిష్కార మనవచ్చును.

ఈ పరిష్కారమునకుఁ బ్రమాణ మేమి? యోగ్యత, ఆకాంక్ష, ఆసత్తి యను మూఁడును గలిగిన పదసముదాయము వాక్యమనియు, వాక్యసముదాయము మహావాక్యమనియు సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు నిర్ణయించెను. రామాయణ భారత రఘువంశములు మహావాక్యములకు ఆయన చూపిన యుదాహరణములు. ఆ దృష్టితోఁ జూడఁగా నవలయు మహావాక్యమే. కావున ఆ మూఁడిటిచేతనే దానినిఁ బరీక్షింపవచ్చును.

అమెరికా నవలాకారుఁడు ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డు గాట్స్‌బీ యను ధనికుఁడు నాయకుఁడుగాఁ గల నవలను వ్రాసి, 1924 అక్టోబరులో ఫ్రాన్సునుండి న్యూయార్కునందలి స్క్రిబ్నర్సు సంస్థకుఁ బంపెను. అచ్చటి సంపాదకుఁడు మాక్స్‌వెల్ పెర్కిన్సు నవంబరు 20వ తేదీ లేఖలో దానిని మిక్కిలి కొనియాడి, పిదప మూఁడు లోపములను జూపెను.

నాయకుఁడు కథ చెప్పువానికంటెఁ గొంచెము మాత్రమే పెద్దవాఁడని గ్రంథమున నున్నను, చదువరికి మిక్కిలి వయసు మీఱినవానివలెఁ దోఁచును. రూపము మసకగా నున్నది. ఇది యోగ్యతాలోపము. అంతటి ధనము వాని కెట్లు వచ్చెనను ప్రశ్న చదువరికిఁ గలుగును గాని, దానికి సూచనయైన లేదు. ఇది తీఱని యాకాంక్ష. వాని పూర్వచరిత్ర యంతయు ఎనిమిదవ ప్రకరణమున నొక్కచోటఁ గుప్పగాఁ బోయఁబడినది, కావలసినచోట లేదు. ‘ఆవును’ అని యుదయమునఁ బలికి ‘తెమ్ము’ అని సాయంకాలమునఁ బలికినచో అర్థబోధ కలుగనట్లే, ఇది యాసత్తిలోపము.

వీనిలో నొక్కటియైన వ్యాకరణదోషము గాదు. ప్రతివాక్యమును శుద్ధమే, మహావాక్యము మాత్రమే సడలియుండెను. నాయకుని రూపము, వాని వ్యాపారము తనకే తెలియవని ఫిట్జెరాల్డు ప్రత్యుత్తరమున నొప్పుకొనెను. దోషము వ్రాఁతలోఁ గాక భావనలోనే యుండెనన్నమాట. 1925 ఆరంభమున రోమునందుండి అతఁడు ప్రూఫులమీఁదనే నవలను బునర్నిర్మించెను. పూర్వచరిత్రలోఁ గొంతభాగమును ఆఱవ ప్రకరణమునకుఁ దెచ్చెను. 1925 ఏప్రిల్ 10వ తేదీని ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ వెలువడెను. సంస్కారమునకుఁ బూర్వపు పాఠమును 2000 సంవత్సరమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము ‘ట్రిమాల్కియో’ యను పేరఁ బ్రకటించుటచే, రెంటినిఁ బోల్చి చూచు నవకాశము పండితులకుఁ గలిగినది.

ఇట్లయిన గ్రంథము ఎవరిది యను శంక కలుగవచ్చును. పెర్కిన్సు లోపమును జూపి మార్గమును సూచించెనే కాని, నవలను దాను వ్రాయలేదు. ధనవిషయమున స్పష్టమైన వివరణ మసంగతమగుననియు, అక్కడక్కడ సూచనలు చాలుననియు మాత్రము చెప్పెను. ఆ సూచనలను గల్పించినవాఁడు రచయితయే. సొంతవాక్యములను జొనిపి శిష్యుని కథను దన కథగా మార్చు గురువు పరిష్కర్త గాఁడు.

కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని మహాభాష్యకారుఁడు చెప్పెను. కథయు నట్టిదే. దానిని జేయువాఁడు రచయిత. అది నిలుచునో నిలువదో తట్టి చూచువాఁడు పరిష్కర్త.