నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ ఎందుకు రాదు?

ఫిట్స్ ఉన్న పిల్లల జ్ఞాపకశక్తి గురించి అబ్దుల్లాపూర్‌మెట్ అమ్మానాన్నలు, టీచర్లు తెలుసుకోవాల్సిన విశేషాలివి.

● కొత్త జ్ఞాపకాలు తయారయ్యేది మెదడులో రెండు పక్కలా ఉండే హిప్పోకాంపస్‌లో. చిన్నప్పుడే ఫిట్స్ మొదలైన అమెరికా వాసి హెన్రీ మొలైసన్‌కు 1953లో ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. ఫిట్స్ తగ్గాయి. కానీ 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంగతులు గుర్తుండలేదు. ఫిట్స్ ఈ భాగంలోనే పుట్టే పిల్లలకు మతిమరుపు ఎక్కువ.

● కాళ్లూ చేతులూ కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకోవద్దు. రాస్తూ రాస్తూ పాప పెన్సిల్ ఆపి, పది సెకన్లు శూన్యంలోకి చూసి, రెప్పలాడించి, ఏమీ జరగనట్టు మళ్లీ రాస్తుంది. ఇదీ ఫిట్సే. రోజుకు పదుల సార్లు రావచ్చు. ఆ క్షణాల్లో చెప్పిన పాఠం పాపకు అందదు. ధ్యాస లేదని కొట్టడం అన్యాయం.

● నేర్చుకున్న అరగంట తర్వాత అడిగితే అందరితో సమానంగా అప్పజెప్పి, వారానికి మరిచిపోయే పిల్లలున్నారని పరిశోధనల్లో తేలింది. అందుకే ఎక్కాన్ని మర్నాడు, మూడోనాడు, వారానికి మళ్లీ చెప్పించాలి.

● పగలు నేర్చుకున్నది నిద్రలో కుదురుకుంటుంది. నిద్ర చాలకపోతే ఫిట్స్ కూడా పెరుగుతాయి. పరీక్షలని రాత్రంతా మేల్కొల్పి చదివించొద్దు.

● ఫినోబార్బిటాల్, టోపిరమేట్ లాంటి మందులతో కొందరు పిల్లలు మందకొడిగా మారతారు. డాక్టరుకు చెబితే మోతాదో, మందో మారుస్తారు. మాత్రలు సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

● 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చే వైద్య బృందాలు చూసే జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉంది. అనుమానం ఉంటే ఆ రోజే చెప్పండి. పెద్దాసుపత్రికి వెళ్లాల్సి వస్తే, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి పిల్లల ఆసుపత్రి నీలోఫర్‌కు లక్డీకాపూల్‌లో, నిమ్స్ ఆసుపత్రికి పంజాగుట్టలో దిగాలి.

● సరైన వైద్యం అందితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఫిట్స్ వచ్చిన తేదీ, సమయం, ఎంతసేపు ఉందో నోటుబుక్కులో రాసి, వీలైతే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపండి. సరైన మందు ఎంచుకోవడానికి అదే పెద్ద సాయం.