మోసెల్ ఒడ్డున ఒక శరద్దినం

ఫ్రాన్సు దేశంలోని వోజ్ పర్వతాలలో పుట్టిన మోసెల్ నది 544 కిలోమీటర్లు ప్రవహించి, జర్మనీలో కోబ్లెంజ్ వద్ద రైన్ నదిలో కలుస్తున్నది. నడుమ అది కొండల సందున పామువలె మెలికలు తిరుగుతుంది. అట్టి ఒక మెలికలో కుడిగట్టున బెర్న్‌కాస్టెల్, ఎడమగట్టున కూస్ ఉన్నవి. 1905లో ఈ రెండును కలిసి ఒకే పట్టణమైనవి. రోమనుల నాటి ట్రియర్ నగరం నుంచి ఉదయం బస్సులో బయలుదేరినవారు ఈ ఊరు చూచి, చీకటిపడేలోగా తిరిగి రావచ్చును.

చూడవలసిన మాసం అక్టోబరు. ఉదయం నదిమీద కమ్ముకున్న పొగమంచు విడిపోగానే, కొండవాలు యావత్తూ పసుపువన్నె ద్రాక్షతోటయై కనిపిస్తుంది. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క గుంజ పాతి తీగను కట్టుతారు. నేలనిండా పలకరాతి పెచ్చులే. మన పిల్లలు ఓనమాలు దిద్దిన మార్కాపురం పలకలది ఏ జాతి రాయో, ఇదీ ఆ జాతి రాయే. పగటి యెండను తనలో దాచుకొని రాత్రివేళ తీగలకు వెచ్చదనమిస్తుంది. నదీజలం కూడా వెలుగును వాలుమీదికి మళ్లిస్తుంది. అందుచేతనే ఇంతటి చలిసీమలో రీస్లింగ్ ద్రాక్ష పండుతున్నది.

అయితే ఈ పంట సుఖంగా చేతికి రాదు. యంత్రం ఎక్కలేని నిట్టవాలులో మనుష్యులే గుత్తులు కోసి బుట్టలలో దింపాలి. ఆ కష్టానికి తగిన ఫలం దక్కక కొన్ని వాలులు బీడుపడి పొదలెక్కినవి.

బెర్న్‌కాస్టెల్ అంగడివీధిలో 1608 నాటి పురమందిరం, అడుగున సన్నమై పైకి వెడల్పైన 1416 నాటి చిన్నయిల్లు యాత్రికులను ఆకర్షిస్తవి. పైనున్న లాండ్‌షుట్ కోట 1692లో అగ్నికి ఆహుతియైనది. ఆ కోటలో జబ్బుపడిన ఒక మతాధిపతి ఇక్కడి ద్రాక్షాసవం త్రాగి కోలుకున్నాడనీ, అందుకే ఆ తోటకు ‘డాక్టర్’ అనే పేరు వచ్చినదనీ ఒక కథ చెప్పుకుంటారు.

వంతెన దాటి కూస్ చేరినవారికి ఈ యాత్రలోని సారం దొరుకుతుంది. 1401లో ఇక్కడ ఒక పడవల వ్యాపారి యింట నికోలస్ జన్మించినాడు. కార్డినల్ పదవి నందినాడు. భూమి విశ్వానికి కేంద్రం కాదనీ, అది నిశ్చలం కాదనీ కోపర్నికస్ గ్రంథం వెలువడుటకు నూరేండ్ల ముందే భావించినాడు. తన అజ్ఞానం తానెరుగుటయే జ్ఞానమనే భావాన్ని 1440లో ఒక గ్రంథంలో ప్రతిపాదించినాడు.

అంతటి పండితుడు స్వగ్రామానికి ఏమి యిచ్చినాడు? ఏబది యేండ్లు దాటిన ముప్పదిముగ్గురు పురుషులకు వృద్ధాశ్రమం కట్టించినాడు. వారిలో ఆరుగురు మతాచార్యులు, ఆరుగురు ప్రభువంశీయులు, తక్కిన ఇరువదియొక్కరు సామాన్యులు. 1458లో శాసనపత్రం వ్రాసి, ఆశ్రమ పోషణకు ద్రాక్షతోటలు చేర్చినాడు. తన వ్రాతప్రతులను అక్కడి గ్రంథాలయానికే యిచ్చినాడు. అయిదువందల యేండ్లు గడచినా ఆశ్రమం నేటికీ నడుస్తున్నది. ఇప్పుడు స్త్రీలకును ప్రవేశమున్నది.

కొండమీద కూలివాని వీపున దిగివచ్చిన బుట్ట ఇన్ని తరాల ముసలివారికి అన్నమైనది. విద్య, ఐశ్వర్యం రెండును ఆశ్రయమిచ్చుటకే అని ఆయన చేసి చూపినాడు.

1464లో ఇటలీలో ఆయన కన్నుమూసినాడు. దేహం రోమ్‌లో సమాధి అయినది. హృదయం మాత్రం కూస్‌లో, ఆశ్రమవాసులు ప్రార్థనచేసే మందిరంలో, నేలక్రింద ఉన్నది.